బంతి తగులుతుందన్న భయంతో బ్యాటింగ్‌లో కాలు తీసేస్తోంది, తొమ్మిదేళ్ళ పాప. ఏం చేయాలి?

ప్లేనో_నాన్న
అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదిన్నర ఏళ్ళు, రెండేళ్ళుగా ఇక్కడ అమెరికాలో రెక్ లీగ్‌లో (ఊళ్ళో పిల్లలు సరదాగా ఆడే లీగ్) సాఫ్ట్‌బాల్, అంటే బేస్‌బాల్ లాంటి ఆట, ఆడుతోంది. ఎనిమిదేళ్ళ లోపు గ్రూపులో ఉన్నంత కాలం కోచ్‌లే బంతి వేసేవాళ్ళు, అప్పుడు ఏ బెరుకూ లేదు, తన వంతు ఎప్పుడొస్తుందా అని డగౌట్‌లో (జట్టు కూర్చునే చోటు) నిలబడే ఉండేది. ఈ సీజన్‌లో పదేళ్ళ లోపు గ్రూపుకి మారాం. ఇక్కడ పిల్లలే పిచింగ్ చేస్తారు, అంటే బ్యాటర్‌కి బంతి వేస్తారు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు కదా, బంతి ఎటు పోతుందో వాళ్ళకే తెలియదు. మూడో మ్యాచ్‌లో ఒక బంతి నేరుగా వచ్చి పక్కటెముకల మీద తగిలింది. అలా తగిలితే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఇచ్చేస్తారు, ఏడుస్తూనే అక్కడికి నడిచింది. కమిలిన మచ్చ పది రోజులు పోలేదు.

అప్పటి నుంచి బంతి పిచర్ చేయి దాటగానే ఎడమ కాలు థర్డ్ బేస్ వైపు, అంటే బంతికి దూరంగా పక్కకి, వెళ్ళిపోతోంది. బ్యాట్ ఊపితే కళ్ళు మూసుకుని ఊపుతుంది, లేదంటే అసలు ఊపకుండా మూడు స్ట్రైకులు పడి అవుటయ్యేదాకా నిలబడి వచ్చేస్తుంది. మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే కడుపు నొప్పి అంటోంది. నేను కంచె వెనకాల నిలబడి "కదలకు, కదలకు" అని అరిచాను, అది ఇంకా టెన్షన్ పెట్టిందని తర్వాత అర్థమైంది. పోయిన వారం ఎవరో చెప్పారని మడమల వెనక ఒక బ్యాట్ అడ్డంగా పడుకోబెట్టి ప్రాక్టీస్ చేయించాను. కాలు దాని మీద పడి మడమ మెలిక పడబోయింది, పాప హెల్మెట్ తీసేసి వెళ్ళి కారులో కూర్చుని ఏడ్చింది. "ఆట ఇష్టమే నాన్నా, బంతి అంటేనే భయం" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. సీజన్ ఇంకా ఆరు వారాలుంది. ఇది దాటి వచ్చిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

బ్లీచర్స్_అమ్మ
కంగారు పడకండి అండీ, కోచ్ పిచింగ్ నుంచి పిల్లల పిచింగ్‌కి మారిన ఏడాది ఇది దాదాపు ప్రతి టీమ్‌లోనూ చూస్తాం, మా టీమ్‌లో పోయినేడు పన్నెండు మందిలో కనీసం నలుగురు ఇలాగే కాలు తీసేవాళ్ళు. అయితే మొదట రెండు విషయాలు చూడండి. ఒకటి, కళ్ళు. మా అమ్మాయిని కూడా మేము పిరికిది అనుకున్నాం, స్కూల్ వాళ్ళు కళ్ళ పరీక్ష చేయిస్తే దూరం చూపు తక్కువని తేలింది, బంతి సగం దూరం వచ్చేదాకా దానికి సరిగ్గా కనపడేదే కాదట. కనపడని బంతికి ఎవరైనా బెదురుతారు. అద్దాలు పెట్టాక సగం భయం దానంతట అదే పోయింది. రెండు, హెల్మెట్. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి, తల తిరిగాక అది తిరిగితే వదులుగా ఉన్నట్టు. మొహం ముందు కమ్మీల గార్డ్ ఉన్నదే వాడుతున్నారు కదా? అది లేకుండా ప్రాక్టీస్ కూడా వద్దు.

మాజీ_ఓపెనర్
నేను సాఫ్ట్‌బాల్ ఆడలేదు కానీ జిల్లా స్థాయిలో క్రికెట్ ఓపెనింగ్ చేశాను, కార్క్ బాల్‌తో మ్యాటింగ్ మీద. ఇది కొత్త జబ్బేమీ కాదు, లెగ్ సైడ్‌కి జరిగిపోవడం అని మేము అనేవాళ్ళం. మందు ఒకటే, ఎక్కువ బంతులు ఆడించడం. రోజుకి వంద బంతులు వేయండి, కాస్త గట్టిగానే వేయండి, రెండు మూడు తగిలితే ఆ నొప్పి ఎంతో తెలుస్తుంది, ఆ తర్వాత భయం ఉండదు. బంతి లైన్‌లోకి వచ్చి నిలబడమనండి. మాకు మా సార్ అలాగే నేర్పారు. పైగా ఇది సాఫ్ట్‌బాల్, చేతిని కింద నుంచి తిప్పి వేస్తారు, పిల్ల వేసే బంతి ఎంత వేగం వస్తుంది?

కాలేజీ_క్యాచర్
అంకుల్, నేను న్యూజెర్సీలో పుట్టి పెరిగాను, తెలుగు ఇంట్లోను, వారాంతం తెలుగు బడిలోను నేర్చుకున్నాను, రాతలో తప్పులుంటే మన్నించండి. ఎనిమిదేళ్ళ నుంచి కాలేజీ దాకా క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేదానిగా, ఆడాను, ఇప్పుడు వేసవిలో చిన్న పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను. ముందు @మాజీ_ఓపెనర్ అంకుల్ అన్నదానికి జవాబు.

పేరులో సాఫ్ట్ ఉంది కానీ బంతి మెత్తగా ఉండదు. పదేళ్ళ లోపు పిల్లలు వాడేది 11 అంగుళాల చుట్టుకొలత బంతి, బరువు 170 గ్రాములకి కాస్త అటూ ఇటూ, అంటే క్రికెట్ బంతి కంటే బరువే. 12 అంగుళాలది ఇంకా ఎక్కువ. ఈ వయసు గ్రూపులో పిచింగ్ దూరం 35 అడుగులు. క్రికెట్ పిచ్ 66 అడుగులు కదా. గంటకి 40 మైళ్ళు వేసే అమ్మాయి బంతిని వదిలేసరికి ఒక పెద్ద అడుగు ముందుకు వచ్చేసి ఉంటుంది, కాబట్టి బ్యాటర్‌కి దొరికేది అర సెకను. క్రికెట్‌లో అదే అర సెకను దొరకాలంటే బౌలర్ గంటకి 120 కిలోమీటర్ల పైన వేగంతో వేయాలి. తొమ్మిదేళ్ళ పిల్లకి దానికి భయం వేయడం మామూలే.

ఇక అసలు విషయం. "భయపడకు" అంటే ఎవరికీ భయం పోదు. బంతి మీదకి వస్తే ఏం చేయాలో ఒంటికి తెలియాలి. చాలామంది కోచ్‌లు కొట్టడం నేర్పుతారు, తగిలించుకోవడం నేర్పరు. ఆ అమ్మాయికి తెలిసిన దారి ఒక్కటే, కాలు తీసి పక్కకి పోవడం. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎడమ కాలు థర్డ్ బేస్ వైపు తీస్తే ఛాతీ, పొట్ట, మొహం అన్నీ పిచర్ వైపు తెరుచుకుంటాయి. పక్కటెముకల మీద తగిలింది అన్నారు కదా, ఆ రోజు కూడా అలాగే తెరుచుకుని ఉంటుంది.

చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కుడిచేతి బ్యాటర్ అయితే ఎడమ భుజాన్ని లోపలికి, అంటే క్యాచర్ వైపు తిప్పాలి. గడ్డం ఛాతీకి ఆనాలి. బ్యాట్ కిందికి దించి చేతులు పొట్టకి దగ్గరగా దాచాలి, వేళ్ళ మీద తగిలితే చాలా నొప్పి. అప్పుడు బంతి వీపు మీదో పిరుదు మీదో తగులుతుంది. నొప్పి ఉంటుంది, కానీ అక్కడ కండ ఉంది, ఆ దెబ్బ తట్టుకోగలరు.

ప్లేనో_నాన్న
@కాలేజీ_క్యాచర్ అమ్మా, చాలా థాంక్స్. ఆ రోజు నా భార్య తీసిన వీడియో ఇప్పుడే చూశాను, మీరు చెప్పినట్టే ఒళ్ళంతా పిచర్ వైపు తిరిగిపోయి ఉంది. మూడు నెలల్లో ఏ ఒక్కరూ ఈ తిరగడం గురించి చెప్పలేదు. దీన్ని ఎలా నేర్పాలి? అసలు బంతి మీదకి వేయాలా? అది తలుచుకుంటేనే నాకు చేతులు రావడం లేదు.

కాలేజీ_క్యాచర్
వేయాలి, కానీ స్పాంజి బంతితో, తను సరే అన్నాకే. నేను చేసే పద్ధతి చెప్తాను.

మొదటి రోజు బంతే వద్దు. హెల్మెట్ పెట్టుకుని బ్యాట్‌తో నిలబడుతుంది, మీరు "తిరుగు" అంటారు, తను తిరుగుతుంది. పది పదిహేను సార్లు. ఆట లాగా చేయండి, వంతు మార్చి మీకు తననే "తిరుగు" అనమనండి, నాన్న తిరగడం చూస్తే పిల్లలకి సరదా. రెండో రోజు 15 అడుగుల నుంచి స్పాంజి బంతి మెల్లగా వీపు మీదకి వేయండి. ఎన్ని వేయాలో తనే చెప్పాలి. ఐదు అంటే ఐదే, ఆరోది వేయకండి, ఆ నమ్మకం పోతే మళ్ళీ మొదటికి వస్తుంది. తర్వాత టెన్నిస్ బంతి. అది సులువయ్యాక కలిపి వేయాలి, కొన్ని ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) మీదకి, కొన్ని ఒంటి మీదకి, ఏది వస్తుందో చెప్పకుండా. ప్లేట్ మీదకి వస్తే కొట్టాలి, మీదకి వస్తే తిరగాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే భయపడే పిల్లలు ప్రతి బంతీ మీదకే వస్తోంది అనుకుంటారు. కలిపి వేస్తే పదిలో ఎనిమిది అసలు దగ్గరికి కూడా రావడం లేదని కళ్ళే నేర్చుకుంటాయి.

ఇంకోటి. టెన్నిస్ బంతుల మీద లావు పెన్నుతో 1 నుంచి 5 దాకా అంకెలు పెద్దగా రాయండి. బ్యాట్ ఊపక్కర్లేదు, బంతి వచ్చేటప్పుడు అంకె చదివి గట్టిగా చెప్పాలి. అంకె కోసం వెతికే కళ్ళు మూసుకోవు.

కాలి సంగతి అసలు ఎత్తకండి. భయం వల్ల కాలు పోతోంది, భయం తగ్గితే అదే ఆగుతుంది. ఆ మడమల వెనక బ్యాట్ మాత్రం మళ్ళీ పెట్టకండి అంకుల్, ప్లీజ్.

మాజీ_ఓపెనర్
లెక్క చూశాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. 35 అడుగులని నాకు తెలియదు. లైన్‌లోకి రమ్మనడం కూడా ఇక్కడ పనికిరాదని అర్థమైంది, మాకు కాళ్ళకి ప్యాడ్లు, చేతులకి గ్లవ్స్, తొడకి గార్డ్ ఉండేవి, పైగా బంతి టప్పా పడి వస్తుంది. ఇక్కడ ఆ పిల్లకి హెల్మెట్ తప్ప ఏమీ లేదు. కానీ ఎక్కువ బంతులు ఆడితేనే అలవాటవుతుంది అన్న మాట మీద మాత్రం ఉన్నాను. మెత్తటి బంతి అయినా సరే, రోజూ ఉండాలి. వారానికి ఒక్క ప్రాక్టీస్‌తో ఏదీ కుదరదు.

పిల్లల_డాక్టర్
నేను పిల్లల వైద్యురాలిని, ఒహాయోలో. వైద్యం వరకు నాలుగు మాటలు.

పిల్లకి దెబ్బ తగిలినప్పుడు "ఏం కాలేదు, ఏం కాలేదు" అనడం మన ఇళ్ళలో అలవాటు. దానికి నొప్పి వేసింది, మనం ఏం కాలేదంటున్నాం, రెండోసారి మన మాట నమ్మదు. "నొప్పి వేసింది కదా, ఎక్కడ? ఊపిరి బాగా తీసుకోగలుగుతున్నావా?" అని అడగండి. ఆ నొప్పిని మీరు ఒప్పుకుంటే అది త్వరగా తేరుకుంటుంది. వీపు మీద, తొడ మీద, పిరుదు మీద తగిలిన దెబ్బలు ఎక్కువగా కమిలి తగ్గిపోతాయి, బట్టలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు చాలు. వేళ్ళు, మణికట్టు, మోచేయి ఎముక మీద తగిలి వాపు వస్తే ఎక్స్‌రే తీయించండి. తలకి తగిలితే హెల్మెట్ ఉన్నా సరే ఆ రోజుకి ఆట ఆపేయాలి, పిల్ల బాగున్నాను అన్నా ఆపేయాలి. తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబాటు, వెలుతురు చూడలేకపోవడం ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి. తలకి దెబ్బ తగిలిన పిల్లల్ని మళ్ళీ ఎప్పుడు ఆడించాలి అన్నదానికి ఇక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ చట్టాలున్నాయి, కోచ్ తొందరపెట్టినా మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఛాతీకి కట్టుకునే మెత్తటి గార్డ్‌లు దొరుకుతాయి. గుండె మీద సరిగ్గా తగిలి లయ తప్పడం అనేది చాలా చాలా అరుదు, అది చెప్పి మిమ్మల్ని బెదిరించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గార్డ్ వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది అని పిల్ల అంటే కొనివ్వండి, చొక్కా లోపల ఎవరికీ కనపడదు. కడుపు నొప్పి సంగతి, అది నాటకం కాదు, ఆందోళనకి పిల్లల్లో నిజంగానే కడుపు నొప్పి వస్తుంది.

పీఈటీ_మాస్టారు
నమస్కారం. మాది నిజామాబాద్ వైపు. సర్కారు బడిలో పీఈటీగా చేస్తున్నాను, ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతాను. స్కూల్ గేమ్స్‌లో ఈ ఆట ఉందని చాలామందికి తెల్వదు. అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ అకాడమీలో కూడా సాఫ్ట్‌బాల్ నేర్పుతారు. మా దగ్గర సామాను తక్కువ, జట్టు మొత్తానికి హెల్మెట్లు నాలుగే, ఒకరు తీసి ఇంకొకరు పెట్టుకుంటారు, అందుకే మాకు పద్ధతి మీదనే భరోసా.

నేను చూసింది ఒకటి చెప్తా. పిల్లకు పెద్దవాళ్ళు వేసే బంతి అంటే భయం ఎక్కువ, తోటి పిల్ల వేస్తే తక్కువ, అయితే ఆ తోటి పిల్ల తన స్నేహితురాలు కావాలి. నేను జంటలుగా నిలబెడతా. పాత బట్టలు చుట్టి దారంతో కుట్టిన బంతులు, ఇంట్లో అమ్మలే కుట్టిస్తారు. ఒకరు వేస్తే ఒకరు తిరుగుతారు, మళ్ళీ వంతు మారుతుంది. తగిలించుకున్న పిల్లే వేసేటప్పుడు చూసుకుని వేస్తుంది. నెల రోజులు అయ్యేసరికి ఒకరి బంతి ఒకరికి అలవాటవుతుంది.

ఇంకో మాట, బ్యాటర్స్ బాక్స్, అంటే బ్యాటర్ నిలబడటానికి గీసిన గడి, మూడడుగుల వెడల్పు ఉంటుంది. మీ పాపను కొన్ని రోజులు ప్లేట్‌కు దూరంగా, బాక్స్‌లో బాగా వెనకకు నిలబడనివ్వండి. వెనకకు నిలబడితే బంతిని చూడటానికి కొంచెం ఎక్కువ టైం దొరుకుతుంది. అవతలి అంచు బంతులు అందవు, పోనివ్వండి. ధైర్యం వచ్చినప్పుడు తనే ముందుకు జరుగుతుంది.

మాజీ_ఓపెనర్
మాస్టారూ, దూరంగా నిలబడటం అలవాటైతే తర్వాత మానిపించడం కష్టం కాదా? నాకు అనుభవం ఉంది, పక్కకి నిలబడే అలవాటు పోగొట్టుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

పీఈటీ_మాస్టారు
కష్టమే సార్, కాదనను. కానీ ఈ ఏడు ఆట మానేసిన పిల్లకు వచ్చే ఏడు నేర్పడానికి నాకు అవకాశమే ఉండదు. మా దగ్గర ఆడపిల్ల ఒకసారి మానేస్తే ఇంట్లో వాళ్ళు మళ్ళీ పంపరు. అందుకని నేను ముందు పిల్లను గ్రౌండ్‌లో నిలుపుకుంటా, నిలబడే తీరు తర్వాత చూసుకుంటా.

పిచర్_అమ్మ
ఇదంతా చదువుతుంటే రాయాలనిపించింది. మా అమ్మాయి పిచర్, పదేళ్ళు. పోయిన నెల అది వేసిన బంతి ఒక పిల్ల మోచేతికి తగిలింది. ఆ పిల్ల ఐదు నిమిషాల్లో లేచి ఆడింది, మాది మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు, "అమ్మా, ఆ అమ్మాయి చేయి విరిగి ఉంటుందా" అని పదిసార్లు అడిగింది. అప్పటి నుంచి బ్యాటర్ దగ్గరికి వేయడానికి జంకుతోంది, అన్నీ అవతలికి పోయి బాల్స్ (క్రికెట్‌లో వైడ్ లాంటివి) అవుతున్నాయి, దాంతో పిచింగ్ నుంచి కూడా తీసేశారు. అవతలి తల్లిదండ్రులు ఆ రోజు "కావాలని వేసింది" అన్నట్టు అరిచారు, అది దాని చెవిన పడింది. దయచేసి అలా అరవకండి. ఈ వయసులో ఎవరూ కావాలని వేయరు, వేయాలన్నా అంత గురి లేదు.

@ప్లేనో_నాన్న గారూ, మీరు డాలస్ పక్కనే కదా, మేమూ ఆ చుట్టుపక్కలే ఉంటాం. మా అమ్మాయి మెత్తటి బంతులతో ప్రాక్టీస్ చేసేటప్పుడు మీ పాప బ్యాట్ పట్టుకుని ఊరికే నిలబడితే ఇద్దరికీ మేలు జరుగుతుందేమో. లోపల మెత్తగా ఉండే ప్రాక్టీస్ సాఫ్ట్‌బాల్స్ మా దగ్గర డజను ఉన్నాయి, పైకి అచ్చం ఆట బంతిలానే ఉంటాయి.

కాలేజీ_క్యాచర్
ఆంటీ, ఇది చాలా మంచి ఆలోచన! మా కాలేజీలో కూడా పిచర్లు ప్రాక్టీస్ చేసేటప్పుడు బ్యాటర్లు వెళ్ళి ఊరికే నిలబడేవాళ్ళు, స్వింగ్ లేదు, బంతిని చేతి నుంచి క్యాచర్ గ్లవ్ దాకా చూడటమే. పిచింగ్ మెషీన్ కంటే ఇది నయం. మెషీన్ అన్నీ ఒకే చోట వేస్తుంది, అక్కడ వంద కొట్టిన పిల్ల మ్యాచ్‌లో మనిషి చేయి తిరగడం చూసి మళ్ళీ బెదురుతుంది. హెల్మెట్ మాత్రం తప్పనిసరి.

తెనాలి_కోడలు
నేను వేరేలా చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా పెద్దది ఇలాగే భయపడితే మేము ఏడాది ఇవన్నీ చేయించాం, చివరికి అది ఈత నేర్చుకుంటాను అంది, మార్చాం, ఇప్పుడు సంతోషంగా ఉంది. పాప ఏమంటుందో కూడా అడగండి.

ప్లేనో_నాన్న
@తెనాలి_కోడలు గారూ, తప్పేముంది, ఆ మాట నిన్నే అడిగాను. మానేస్తావా అంటే వెంటనే వద్దంది, టీమ్‌లో ఇద్దరు ప్రాణ స్నేహితులున్నారు, షార్ట్‌స్టాప్‌లో (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఫీల్డింగ్) ఆడటం ఇష్టం. పైగా 2028 ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్ళీ వస్తోందని, మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో అని కోచ్ చెప్పారట, అది ఇక్కడి నుంచి కారులో మూడు గంటల పైన అంతే కదా, తీసుకెళ్తానని మాట తీసుకుంది. కాబట్టి ఆట ఉంటుంది. @పిచర్_అమ్మ గారూ, మీకు మెసేజ్ పెట్టాను.

ప్లేనో_నాన్న
నాలుగు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

కళ్ళ పరీక్ష చేయించాం, చూపు బాగానే ఉంది. హెల్మెట్ మాత్రం ఒక సైజు పెద్దది, మార్చాం. మొదటి వారం మొత్తం "తిరుగు" ఆటే. స్పాంజి బంతులు మొదటి రోజు మూడే అంది, మూడే వేశాను. ఐదో రోజు తనే "ఇరవై వెయ్" అంది. అంకెలు చదవడం మొదట్లో ఒక్కటీ కుదరలేదు, ఊహించి చెప్పేది, ఇప్పుడు పదిలో నాలుగైదు సరిగ్గా చెప్తోంది, నాకు మూడు కూడా రావడం లేదు, ఇది ఎంత కష్టమో నిలబడితేనే తెలిసింది. ఆదివారాలు ఆ పిచర్ పాపతో ప్రాక్టీస్. మొదటిసారి ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండోసారి మా పాప వీపు మీద ఒకటి తగిలింది, మెత్తటి బంతే, ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి సారీ చెప్పింది, మా పాప "నేను సరిగ్గా తిరిగానా?" అని అడిగింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు ఎవరి పిల్లి గొప్పదో మాట్లాడుకున్నారు.

మ్యాచ్‌ల సంగతి. నేను కంచె వెనక నుంచి లేచి అవుట్‌ఫీల్డ్ పక్కన కుర్చీ వేసుకుంటున్నాను, అరవడం పూర్తిగా మానేశాను. కోచ్‌తో మాట్లాడి ప్లేట్‌కి దూరంగా నిలబడటానికి ఒప్పించాను. పోయిన శనివారం రెండో వంతులో బంతి మీదకి వచ్చింది, తిరిగింది, భుజం వెనక కండ మీద తగిలింది. బ్యాట్ కింద పెట్టి ఫస్ట్ బేస్‌కి పరిగెత్తింది, నడవలేదు, పరిగెత్తింది. అక్కడి నుంచి నా వైపు చూసి భుజం చూపించింది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మూడో వంతులో మళ్ళీ కాలు తీసేసింది. అవుటయింది. కాబట్టి భయం పోయిందని చెప్పలేను. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఒకటి ఫౌల్ కూడా కొట్టింది. మ్యాచ్ రోజు కడుపు నొప్పి రెండు వారాలుగా లేదు.

పిల్లల_డాక్టర్
చాలా సంతోషం. భుజం మీద కమిలిందా? చేయి తల పైకి ఎత్తగలుగుతోందా? ఎత్తలేకపోతే చూపించండి.

ప్లేనో_నాన్న
ఎత్తుతోంది డాక్టర్ గారూ, రెండు రోజులు కొంచెం నొప్పి అంది, ఇప్పుడేం లేదు.

మాజీ_ఓపెనర్
మూడో వంతులో కాలు తీసిన సంగతి పట్టించుకోకండి. దెబ్బ తగిలాక మొదటి ఇన్నింగ్స్‌లో నేనూ అలాగే జరిగేవాణ్ణి. రేపటి నుంచి మళ్ళీ రోజూ బంతులు వేయండి, మానకండి.

కాలేజీ_క్యాచర్
దెబ్బ తగిలిన మర్నాడు మళ్ళీ స్పాంజి బంతికే వెళ్ళండి అంకుల్, అది వెనకడుగు కాదు. రెండు మూడు రోజులయ్యాక టెన్నిస్, ఆ పైన ఆట బంతి. వీడియో ఉంటే పంపండి, భుజం తిప్పేటప్పుడు గడ్డం దించుతోందో లేదో చూస్తాను.

ప్లేనో_నాన్న
పంపుతాను అమ్మా. అంకెలు రాసిన బంతుల్లో మూడు పక్కింటి పెరట్లోకి పోయాయి, సాయంత్రం కొత్త డబ్బా కొన్నాం. అంకెలు తనే రాస్తోంది. ఐదు చాలదట, తొమ్మిది దాకా రాస్తానంటోంది.